తల్లి ఒక్కతే నోరు కట్టుకోవాలా?

"పడదు" అన్న మాటను మనం రోజుకు పదిసార్లు వాడతాం. నాకు వంకాయ పడదు, వాడికి పాలు పడవు, ఆ ఊరి నీళ్ళు మాకు పడలేదు. ఆస్పత్రి చీటీలో అలర్జీ అని రాసేదాన్ని మన అవ్వలు ఎప్పటి నుంచో ఈ ఒక్క మాటతో చెబుతూ వచ్చారు. అయితే అవ్వల మాట అలర్జీ కంటే పెద్దది. కడుపు ఉబ్బరం, విరేచనం, దద్దుర్లు, జలుబు అన్నీ అందులోకే వస్తాయి. చివరికి ఇద్దరు తోడికోడళ్ళకు పొసగకపోయినా "వాళ్ళకు పడదు" అనే అంటాం. డాక్టర్లు అలర్జీ అనేది వీటిలో ఒక్కదాన్నే. ఏ హానీ చేయని తిండిని ఒంట్లోని రక్షణ వ్యవస్థ శత్రువని పొరబడి దాని మీద విరుచుకుపడితే అది అలర్జీ.

తనకు పడనిది తాను మానేస్తే అందులో తర్కించడానికి ఏమీ లేదు. ఒకరు తింటే ఇంకొకరికి పడదు అన్నప్పుడే చిక్కు మొదలవుతుంది. కడుపుతో ఉన్న ఆడమనిషి గురించి, పాలిచ్చే తల్లి గురించి మనం అనేది సరిగ్గా అదే. "గుడ్డు తినకే, గుంటడికి దురదలొస్తాయి." "చేప ముట్టకు, పాలు నీచవుతాయి." ఈ మాటలు అనేది పరాయివాళ్ళు కారు. అత్త అంటుంది, కన్నతల్లి అంటుంది, పురుడు పోసిన అవ్వ అంటుంది. అందరూ బిడ్డ మేలు కోరే అంటారు. మేలు కోరి పెట్టినంత మాత్రాన ఒక నిషేధం న్యాయమైనది అవుతుందా? ఒకరి ఆకలి మీద ఇంకొకరి క్షేమం నిలబడుతుందని చెప్పేటప్పుడు, చెప్పేవాళ్ళ మీద ఏ బాధ్యతా ఉండదా? మేము ఇక్కడ అడగదలచుకున్నది ఇదే.

మన్యంలో ఈ పత్యాల జాబితా ఊరికొక తీరుగా ఉంటుంది. ఒక ఊళ్ళో గుమ్మడికాయ వద్దంటారు, కొండ దాటితే అదే గుమ్మడికాయ బలమంటారు. బొప్పాయి వేడి, పనస వాతం, చేప నీచు, గుడ్డు దురద, పప్పు తింటే బిడ్డకు కడుపునొప్పి, వేరుశెనగ తింటే దగ్గు. కాన్పయ్యాక పచ్చివాతం కమ్ముతుందని కొన్నాళ్ళు వట్టి కారప్పొడి, వెల్లుల్లి, పాతబియ్యం అన్నం. కొన్ని ఇళ్ళలో మంచినీళ్ళకు కూడా లెక్క ఉంటుంది. ఒక ఇంట్లో వద్దన్నది పక్క ఇంట్లో ముద్దయినప్పుడు, అది ఒంటి ధర్మం నుంచి పుట్టిన నియమం కాదని మనకు తెలియాలి. ఒళ్ళు కొండకో రకంగా ఉండదు కదా.

అలాగని వీటన్నిటినీ ఒక్క మాటతో కొట్టిపారేయడం మాకు ఇష్టం లేదు. ట్రైనింగు రోజుల్లో "గిరిజనుల మూఢనమ్మకాలు" అని బోర్డు మీద శీర్షిక పెట్టి ఇవన్నీ వరుసగా రాయించారు. తరగతిలో ఉన్న మాబోటి నలుగురం తలదించుకుని రాసుకున్నాం. ఈ నియమాలు ఎందుకు పుట్టాయని ఆ గదిలో ఒక్కరూ అడగలేదు. కడుపుతో ఉన్నప్పుడు కడుపునిండా తినకూడదన్న నియమాన్నే తీసుకోండి. ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందని అవ్వల భయం. రోడ్డు లేని, ఆస్పత్రి లేని కాలంలో బిడ్డ దారిలో ఇరుక్కుంటే తల్లీ బిడ్డా ఇద్దరూ పోయేవారు. ఆపరేషన్ అన్న మాటే తెలియదు. చిన్న బిడ్డయితే కనీసం తల్లి దక్కుతుందని లెక్క వేసుకున్నవాళ్ళు తెలివి తక్కువవాళ్ళు కారు. ఉన్న దారుల్లో ఒక దారి ఎంచుకున్నారు. గర్భిణిని డోలీ కట్టి మోసుకెళ్ళే ఊళ్ళు ఈనాటికీ మనకున్నాయి. ఆ ఊళ్ళలో ఆ భయం ఇంకా పోలేదంటే దానికి అవ్వ ఒక్కతే జవాబుదారీ కాదు, రోడ్డు వేయనివాళ్ళు కూడా.

కానీ రోడ్డు పడిన ఊరి సంగతేమిటి? 108 బండి ఇంటి ముందుకు వచ్చే ఊరి సంగతేమిటి? అక్కడ కారణం పోయింది, నియమం మాత్రం మిగిలింది. రెండున్నర కిలోల కంటే తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు జబ్బుల ముప్పు ఎక్కువని ఇప్పుడు అందరికీ తెలుసు. ఒకప్పుడు తల్లిని కాపాడిన లెక్క ఇప్పుడు బిడ్డను బలహీనపరుస్తోంది. నియమం పాతదైనందుకు మానమని మేము అనడం లేదు. దాన్ని పుట్టించిన అవసరం ఇంకా ఉందా అని చూడమంటున్నాం.

ఇక "మూఢనమ్మకం" అన్న మాట మన మీదికి విసిరిన చదువుకున్న లోకం సంగతి కూడా కాస్త చూద్దాం. ఆ కథ మన పిల్లలకు తప్పక చెప్పాలి.

1990ల్లో బ్రిటన్‌లో, అమెరికాలో వేరుశెనగ అలర్జీ పెరుగుతోందని గుర్తించారు. ఒక్క గింజ తిన్నా గొంతు వాచి ఊపిరాడని పిల్లలు ఉన్నారు. అది నిజమైన భయమే. దానికి అక్కడి పెద్ద డాక్టర్లు ఏం ఆలోచించారు? మన అవ్వలు ఆలోచించినట్టే ఆలోచించారు: తల్లి మానేస్తే బిడ్డకు రాదు. 1998లో బ్రిటన్ ప్రభుత్వం, ఇంట్లో ఉబ్బసం, గజ్జి లాంటి అలర్జీలు ఉన్న గర్భిణులు, పాలిచ్చే తల్లులు వేరుశెనగ మానేస్తే మంచిదని సలహా ఇచ్చింది. 2000లో అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం ఇంకో అడుగు వేసింది. అలర్జీ ముప్పున్న బిడ్డకు ఏడాది దాకా ఆవుపాలు, రెండేళ్ళ దాకా గుడ్డు, మూడేళ్ళ దాకా వేరుశెనగ, చేప పెట్టవద్దంది. అలాంటి బిడ్డకు పాలిచ్చే తల్లి వేరుశెనగ మానాలంది, గుడ్డు, పాలు, చేప మానే సంగతి కూడా ఆలోచించమంది. చూశారా, మన పచ్చివాతం జాబితాకూ దీనికీ ఎంత చుట్టరికమో!

తల్లులు మానేశారు. అలర్జీ తగ్గలేదు. 2008లో అమెరికా సంఘం ఆ సలహాను వెనక్కి తీసుకుంది, తల్లి ఫలానావి మానితే బిడ్డకు అలర్జీ రాకుండా ఉంటుందనడానికి ఆధారం లేదని రాసింది. 2009లో బ్రిటన్ కూడా తన సలహా మార్చుకుంది. ఇలాంటి ప్రయోగాలన్నిటినీ పోగుచేసి చూసే కాక్రేన్ సమీక్ష కూడా అదే తేల్చింది. గర్భిణులు, బాలింతలు పాలు, గుడ్డు లాంటివి మానడం వల్ల బిడ్డకు మేలు జరిగే అవకాశం తక్కువ, పైగా తల్లి బరువుకూ కడుపులో బిడ్డ ఎదుగుదలకూ నష్టం జరగవచ్చు అని.

బిడ్డ తిండి విషయంలో ఇంకా విచిత్రం జరిగింది. గిడియన్ లాక్ అనే డాక్టరూ ఆయన సహచరులూ లండన్‌లో ఉన్న యూదు పిల్లలనూ ఇజ్రాయెల్‌లో ఉన్న యూదు పిల్లలనూ పోల్చి చూశారు. ఒకే జాతి, దగ్గరి రక్తం. కానీ బ్రిటన్ పిల్లల్లో వేరుశెనగ అలర్జీ పదిరెట్లు ఎక్కువ. తేడా ఎక్కడంటే, ఇజ్రాయెల్‌లో పసిబిడ్డకు పళ్ళు రాకముందే బాంబా అనే వేరుశెనగ చిరుతిండి నోట్లో పెడతారు. బ్రిటన్‌లో జాగ్రత్తగా దాచి ఉంచారు. ఆ తర్వాత 640 మంది పసిపిల్లల్ని తీసుకుని, సగం మందికి 4 నుంచి 11 నెలల వయసులోనే వేరుశెనగ పెట్టడం మొదలుపెట్టారు, సగం మందికి అసలు పెట్టలేదు. వీళ్ళంతా బాగా గజ్జి ఉన్నవాళ్ళో, గుడ్డు పడనివాళ్ళో, అంటే ముప్పు ఎక్కువగా ఉన్నవాళ్ళే. ఐదేళ్ళు వచ్చేసరికి, పెట్టని వాళ్ళలో వందకు 17 మందికి వేరుశెనగ అలర్జీ వచ్చింది. తిన్నవాళ్ళలో వందకు ముగ్గురికే. 2015లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి.

దీనికి వాళ్ళు చెప్పే కారణం మనకు సులువుగానే అర్థమవుతుంది. తిండి కడుపులోంచి వస్తే ఒళ్ళు దాన్ని వాకిట్లోంచి వచ్చిన చుట్టంలా చూస్తుంది, అలవాటు చేసుకుంటుంది. అదే తిండి తునకలు గజ్జితో పగిలిన చర్మంలోంచి దూరితే, గోడకు కన్నం వేసి వచ్చిన దొంగలా చూస్తుంది. నోటి దారి మూసేస్తే, చర్మం దారే మిగిలిపోతుంది.

ఈ కథలో మాకు ముఖ్యంగా కనిపించేవి రెండు. చదువుకున్నవాళ్ళు కూడా భయంతో, ప్రేమతో, ఆధారం లేకుండా తల్లి నోరు కట్టారు. కనుక మూఢనమ్మకం అడవిలోనే పుడుతుందని ఎవరైనా అంటే ఒప్పుకోనక్కరలేదు. రెండోది ఇంకా పెద్దది. వాళ్ళు లెక్క చూసుకున్నారు, సలహా తప్పని తేలాక పదిమందిలో చెప్పి మార్చుకున్నారు. మన పత్యాలకు ఆ పరీక్ష ఎప్పుడు పెట్టాం? పెట్టమని మనల్ని అడ్డుకున్నవాళ్ళు కూడా ఎవరూ లేరే.

"సరే మాస్టారూ, ఆధారం లేకపోతే లేదు. ఓ ఆరు నెలలు గుడ్డు మానేస్తే ఏం పోయింది? జాగ్రత్త మంచిదే కదా?" ఈ మాట మాకు ఊళ్ళోనే కాదు, స్టాఫ్ రూములోనూ వినిపిస్తుంది. వినడానికి ఎంతో వివేకంగా ఉంటుంది. కానీ ఈ వివేకం వెనుక ఒక లెక్క దాగి ఉంది. జాగ్రత్తకు ఖర్చు లేదనుకుంటున్నాం. ఖర్చు ఉంది, చెల్లించేది మనం కాదు కాబట్టి కనబడడం లేదు.

ఖర్చు ఎంతో చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో గర్భిణుల్లో నూటికి 52 మందికి రక్తహీనత ఉంది. గిరిజన ఆడవాళ్ళలో రక్తహీనత దేశ సగటు కంటే ఎక్కువ. (ఇదంతా తిండి వల్లే కాదు. సికిల్ సెల్ ఉండవచ్చు, మలేరియా ఉండవచ్చు, అందుకే రక్తపరీక్ష మానకూడదు.) హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో గర్భిణికి మామూలుగా తినేదానికంటే రోజుకు 350 కేలరీలు అదనంగా కావాలి. పాలిచ్చే మొదటి ఆరు నెలలూ 600 కేలరీలు అదనంగా కావాలి. అంటే కడుపుతో ఉన్నప్పటికంటే పాలిచ్చేటప్పుడే ఆకలి ఎక్కువ. సరిగ్గా అప్పుడే మనం కారప్పొడి అన్నం ముందు పెడుతున్నాం. తిండి తగ్గినా పాలు చాలావరకు వస్తూనే ఉంటాయి, ఎందుకంటే తల్లి ఒళ్ళు తన ఎముకల్లోంచీ కండల్లోంచీ తీసి బిడ్డకు ఇస్తుంది. బిడ్డ బాగానే ఉన్నాడు కదా అని మనం అనుకుంటాం. రెండో కాన్పుకు, మూడో కాన్పుకు ఆమె నడుము వంగిపోయినప్పుడు "కాన్పులు ఆమెకు పడలేదు" అంటాం.

మరి భయం ఎంత? కర్ణాటకలో 6 నుంచి 11 ఏళ్ళ బడి పిల్లల మీద జరిగిన అధ్యయనంలో తిండి అలర్జీ ఉండవచ్చని తేలినవాళ్ళు 0.14 శాతం. వెయ్యి మందిలో ఒకరిద్దరు. ఒక పక్క వెయ్యికి ఒకరిద్దరు, ఇంకో పక్క నూటికి 52. పైగా తల్లి పత్యం ఆ ఒకరిద్దరినీ కాపాడుతుందన్న ఆధారం లేదు. ఈ తక్కెడ ఎటు మొగ్గుతుందో ఐదో తరగతి పిల్లవాడు చెబుతాడు.

ఇంకో ఖర్చు ఉంది, అది ఏ సర్వేలోనూ రాదు. బిడ్డ ఒంటి మీద ఎర్రగా ఏదైనా లేచిందనుకోండి. ఇంట్లో మొదటి ప్రశ్న "ఏటి తిన్నావే?" అని. విరేచనమైనా అదే ప్రశ్న. రాత్రంతా ఏడ్చినా అదే ప్రశ్న. ఇరవై ఏళ్ళు నిండని పిల్ల, మొదటి కాన్పు, నిద్ర లేదు, ముందురోజు సంత నుంచి ఎవరో తెచ్చిన రెండు పకోడీలు తింది. ఇక ఆ పకోడీలు ఆమె జన్మంతా ఆమెతో ఉంటాయి. ఆ ఒక్క ప్రశ్నతో ఆమె నిందితురాలైపోయింది, సాక్ష్యం కూడా ఆమే చెప్పుకోవాలి.

మేము చూసినంతలో మన ఊళ్ళలో బిడ్డల ఒంటి మీద లేచే వాటిలో చాలావరకు చెమటకాయలు, పురుగు కాట్లు, గజ్జి. గజ్జి అంటే ఇక్కడ కంటికి కనబడని చిన్న పురుగు చర్మంలో బొరియ చేసుకోవడం వల్ల వచ్చేది. తల్లి తిన్న గుడ్డుకూ ఆ పురుగుకూ ఏ సంబంధమూ లేదు. ఆ మందు ఎలా రాయాలో పీహెచ్‌సీలో నర్సమ్మ చెబుతుంది: ఇంట్లో ఉన్న అందరూ ఒకే రాత్రి ఒంటినిండా రాసుకోవాలి, పక్కబట్టలు ఉతికి ఎండలో వేయాలి. దురద లేనివాడు కూడా రాసుకోవాలి. ఒక్కరు మానేసినా మళ్ళీ అందరికీ అంటుకుంటుంది. మామగారు మాత్రం "నాకెందుకు" అని చాప తీసుకుని వసారాలోకి పోతారు. మూడు వారాలకు బిడ్డకు మళ్ళీ దురద. మళ్ళీ కోడలినే అడుగుతారు.

నిజంగా తల్లి తిన్నదే బిడ్డకు పడని సందర్భాలు లేకపోలేదు. అది కూడా చెప్పకపోతే మేము కూడా సగం నిజం చెప్పినట్టే. తల్లి తాగిన ఆవుపాలలోని మాంసకృత్తులు కొద్దిగా చనుబాలలోకి వస్తాయి. కొందరు బిడ్డలకు అవి పడక విరేచనంలో నెత్తురు జీర కనిపిస్తుంది. అప్పుడు డాక్టరు రెండు నుంచి నాలుగు వారాలు పాల పదార్థాలు మానమంటారు, తగ్గిందా లేదా చూస్తారు, తగ్గాక మళ్ళీ తినిపించి అదే కారణమా అని ఖాయం చేసుకుంటారు. ఈ పద్ధతిని గమనించండి. ఒక బిడ్డలో కనిపించిన లక్షణం, ఒక పదార్థం, ఒక గడువు, తర్వాత పరీక్ష. చనుబాలు ఆపమని అనరు. దీన్ని పత్యం అంటే మాకు అభ్యంతరం లేదు. ఏ లక్షణమూ లేని బిడ్డ కోసం పది పదార్థాలను గడువు లేకుండా మానిపించడాన్ని ఇదే పేరుతో పిలవడం దగ్గరే మా అభ్యంతరం.

మన ఆదివాసులకు నోరు కట్టుకోవడం కొత్త కాదు. కొత్తల పండుగ రాకుండా మామిడికాయ ముట్టం, చిక్కుడు ముట్టం. దిశారి రోజు చెప్పి, దేవతకు పెట్టాకనే నోట్లో పెట్టుకుంటాం. వంశానికి గుర్తయిన జీవిని చంపని, తినని కట్టుబాటు మనలో ఉంది. ఆ నియమాలను బయటివాళ్ళు ఎన్ని రకాలుగా వ్యాఖ్యానించినా, వాటిలో ఒక న్యాయం ఉంది: అవి అందరివీ. ఊరి పెద్దకూ, పశువులు కాసే కుర్రాడికీ ఒకటే కొత్త. పండని కాయ కోయకుండా చెట్టుకు గడువిచ్చినట్టు కూడా అవుతుంది. వంశ కట్టుబాటు ఆ ఇంటిపేరున్న మగవాళ్ళకూ ఆడవాళ్ళకూ ఒకటే. పెట్టినవాడు కూడా మోసే నియమం అది.

బాలింత పత్యం ఆ కోవలోది కాదు. పెట్టేవాళ్ళు పదిమంది, మోసేది ఒక్కతే. బిడ్డ అందరిదీ అంటాం, వంశం అంటాం, కులం అంటాం. ఆ బిడ్డ కోసం నోరు కట్టుకోవలసి వస్తే మాత్రం తల్లిని చూపిస్తాం.

నిజానికి బిడ్డకు నిజంగా హాని చేసేవి, అందరూ పత్యం చేయవలసినవి వేరే ఉన్నాయి. వాటికి ఆధారం గట్టిగానే ఉంది. పొగాకు వాటిలో మొదటిది. తల్లి చుట్ట తాగినా, తండ్రి ఇంట్లో బీడీ తాగినా ఆ పొగ కడుపులో బిడ్డ బరువును తగ్గిస్తుంది, పుట్టాక పిల్లికూతలకు, ఉబ్బసానికి దారి తీస్తుంది. కిటికీ లేని వంటింట్లో కట్టెల పొయ్యి పొగ పసిపిల్లల్లో నిమోనియా ముప్పు పెంచుతుంది. సారా, కల్లు కడుపుతో ఉన్నప్పుడు కొంచెమైనా మంచిది కాదు, మెదడు మీద దెబ్బ తీస్తుంది. పురుటి నొప్పుల అలసట తీరాలని ఓ గుక్క పట్టించే ఇళ్ళు మనకు తెలియనివి కావు. ఉబ్బసం గురించి అంత భయముంటే, తల్లి చేతిలో గుడ్డు లాక్కునే ముందు తండ్రి నోట్లో బీడీ తీయాలి. బీడీకి పత్యం పెట్టిన అత్త మాకు ఇంతవరకు కనబడలేదు. పొయ్యికి పొగగొట్టం పెట్టించడానికి దిశారి ముహూర్తం అడిగిన మామ కూడా కనబడలేదు.

చేప సంగతి ఒక్క మాట. బాలింతకు చేప నీచు అంటాం. డెన్మార్క్‌లో 736 మంది గర్భిణుల మీద చేసిన ప్రయోగంలో, ఆరో నెల నుంచి చేప నూనె మాత్రలు తీసుకున్న తల్లుల బిడ్డల్లో ఉబ్బసం, పిల్లికూతలు మూడో వంతు దాకా తగ్గాయి. ఒక ప్రయోగం చాలదు, చేప మందని మేము అనం. కానీ సంతలో దొరికే ఎండు నెత్తళ్ళు, వాగులో పట్టిన పరకలు బాలింతకు పెట్టకుండా ఆపడానికి మన దగ్గర ఏ ప్రయోగం ఉంది?

ఇక్కడ ఉపాధ్యాయులకూ అంగన్‌వాడీ అక్కలకూ ఒక హెచ్చరిక చేయాలి. "తినకు" అన్న ఆజ్ఞ తీసేసి ఆ స్థానంలో "తిని తీరాలి" అన్న ఆజ్ఞ పెడితే తల్లి భారం తగ్గదు. 2013 ఆహార భద్రతా చట్టం గర్భిణికీ, కాన్పయ్యాక ఆరు నెలల దాకా తల్లికీ అంగన్‌వాడీలో ఉచిత భోజనాన్ని హక్కుగా ఇచ్చింది. హక్కు అంటే గదమాయించి తినిపించేది కాదు. ఆ గుడ్డు ఇంటికి వెళితే ఎవరు తింటారో మనకు తెలుసు: పెద్దపిల్లాడు, మామగారు, అప్పుడప్పుడు భర్త. అందులో కొంత పేదరికం, కొంత అలవాటు. ఆమెను "నువ్వెందుకు తినలేదు" అని రిజిస్టరు ముందు నిలబెట్టి అడగడం కూడా "ఏటి తిన్నావే" లాంటిదే. అడగవలసింది ఇంటి మగవాళ్ళను. తల్లులతో పాటు తండ్రులను కూడా ఒక రోజు అంగన్‌వాడీకి పిలిపించాలి. రారు అంటారు. పింఛను మీటింగుకు వస్తున్నారు కదా, దీనికీ పిలిచి చూడాలి.

బిడ్డ తిండి విషయంలో అనుమానం రాకుండా రాస్తున్నాం. పుట్టిన గంటలోపే ముర్రుపాలు పట్టాలి, పిండి పారబోయకూడదు. ఆరు నెలల దాకా తల్లిపాలే. ఆరు నిండాక చోడి జావ, మెత్తటి పప్పన్నం, ఉడికిన గుడ్డు, చేప ఒక్కొక్కటిగా మొదలుపెట్టవచ్చు. వేరుశెనగ అయితే మెత్తగా నూరి జావలో కలపాలి. గింజలు మాత్రం ఐదేళ్ళ దాకా నోట్లో పెట్టకూడదు, గొంతులో ఇరుక్కుంటాయి. ఒళ్ళంతా మానని గజ్జి ఉన్న బిడ్డకు, ఏదైనా తిన్న వెంటనే పెదాలు వాచిన బిడ్డకు డాక్టరును అడిగాకే. ఇలా పెడితే అలర్జీ రానే రాదని మేము చెప్పడం లేదు. అయినా కొందరికి వస్తుంది. వచ్చినప్పుడు అది ఎవరి నేరమూ కాదు.

పోయిన ఏడాది మా ఆశ్రమ పాఠశాలలో ఎనిమిదో తరగతి ఆడపిల్లలకు సమతుల ఆహారం పాఠం చెబుతుంటే ఒక పిల్ల లేచి అడిగింది. "ఇదంతా బాగుంది సార్, ఇంటికెళ్ళి అవ్వకు ఏం చెప్పాలి? అవ్వ తప్పని చెప్పాలా?" స్టాఫ్ రూములో కూర్చుని మేమంతా దీని గురించి చాలాసేపు మాట్లాడుకున్నాం. పాఠం చెప్పి పంపితే ఆ పిల్ల అవ్వ ముందు ఓడిపోతుంది, లేదా అవ్వను ఓడిస్తుంది, రెండూ మంచివి కావు. చివరికి ఏమీ చెప్పవద్దు, అడిగి రమ్మన్నాం. సంక్రాంతి సెలవులకు వెళ్ళినప్పుడు అవ్వ పక్కన కూర్చుని ఒకటే ప్రశ్న: "అవ్వా, నువ్వు బాలింతగా ఉన్నప్పుడు నీకు ఏం తినాలనిపించింది? ఎవరు వద్దన్నారు?"

సెలవులయ్యాక ఇరవై మూడు మంది రాసుకొచ్చారు. కోడిగుడ్డు అన్నవాళ్ళు ఆరుగురు. పనసతొన, ఎండు చేపలు, కందిపప్పు, ఒకామెకు చల్ది అంబలి. చాలామంది అవ్వలు మొదట నవ్వారట, ఇన్నేళ్ళలో ఈ మాట ఎవరూ అడగలేదని. ఒక పిల్ల కాగితంలో రెండే వాక్యాలు ఉన్నాయి. "మా అవ్వ తిండి కాదు అంది. నీళ్ళు అంది, తొమ్మిది రోజులు గొంతు తడపడానికే ఇచ్చారట." ఆ కాగితాలన్నీ దారంతో కుట్టి తరగతిలో పెట్టాం. మొన్న నెలసరి సమావేశానికి వచ్చిన ఆశా కార్యకర్త దాన్ని అడిగి పట్టుకెళ్ళింది, ఊళ్ళో అత్తల ముందు చదువుతానంది.